యానాం మిగిలింది, పాలకొల్లు ఎందుకు మిగల్లేదు? (ప్రపంచ రాజకీయ వ్యవస్థల చరిత్ర మీద సందేహం)

కోటిపల్లి_రేవు అడిగారు:

అంతర్జాతీయ సంబంధాల చరిత్ర పేపరుకి చదువుతున్నానండి. 1648 వెస్ట్‌ఫేలియా, 1713 ఉట్రెక్ట్, 1815 వియన్నా, 1919 వర్సాయ్, 1945 శాన్ ఫ్రాన్సిస్కో. నిద్రలో లేపి అడిగినా తేదీలు చెప్పేస్తాను. ఒక ఏర్పాటు ఎందుకు నిలబడింది, ఇంకోటి ఎందుకు కూలింది అంటే మాత్రం పుస్తకంలో వాక్యాలే తప్ప సొంత వాక్యం ఒక్కటి రావట్లేదు. అందుకే మన డెల్టా వైపు నుంచి తిరగేసి అడుగుతున్నాను.

పాలకొల్లులో డచ్చివాళ్లు, యానాంలో ఫ్రెంచివాళ్లు, ఇంజరంలోనూ మాధవాయిపాలెంలోనూ ఇంగ్లీషువాళ్లు బట్టల వ్యాపారానికి దిగారు కదా. డచ్చివాళ్లు 1825కల్లా సర్దుకుని పోయారు. చుట్టూరా బ్రిటిష్ రాజ్యం ఉండగా 30 చదరపు కిలోమీటర్ల యానాం మాత్రం 1954 దాకా ఫ్రెంచి జెండా కిందే ఉంది. యుద్ధాల్లో ఇంగ్లీషువాళ్ల చేతిలో చావుదెబ్బ తిన్నది ఫ్రెంచివాళ్లు. వాళ్లకి ఊరు వదిలేసి డచ్చివాళ్లని పంపేయడం ఏం లెక్క?

ఇంకో రెండు కూడా. యానాం 1954లో మన చేతికొస్తే 1962 అని ఎందుకు రాస్తారు? నానాజాతి సమితి (లీగ్ ఆఫ్ నేషన్స్) విఫలమైందని అందరూ ఒక్క ముక్కలో తేల్చేస్తారు, అసలు ఎక్కడ తెగింది?

గట్టుమీద_మాస్టారు:

మీ మొదటి ప్రశ్నలోనే సగం సిలబస్ ఉందండి. సంధి పత్రాన్ని పొలం దస్తావేజు చదివినట్టు చదవండి, దారి దొరుకుతుంది. దస్తావేజు చేతికొస్తే ముందు ఏం చూస్తాం? రాసిచ్చేదెవరు, పుచ్చుకునేదెవరు, ఆ హక్కు వాళ్లకుందా. తరవాత హద్దులు, అవి ఏ ఏడాది అడంగల్ ప్రకారం రాశారన్నది. ఆ తరవాత షరతులు. చివరికి, మాట తప్పితే ఎవరి దగ్గరికి పోవాలి. ఏ సంధినైనా ఈ నాలుగూ అడగండి. అన్నిటికన్నా రెండోది, అంటే ఆ తేదీ, జనం పట్టించుకోరు. యానాం కథ అంతా ఆ తేదీలోనే ఉంది.

1753లో నిజాం సలాబత్ జంగ్ ఉత్తర సర్కారులను ఫ్రెంచి సేనాని బుస్సీకి సైన్యం ఖర్చు కింద రాసిచ్చాడు. అంటే కొండపల్లి, ఏలూరు, రాజమహేంద్రవరం, శ్రీకాకుళం సర్కారులు. అప్పటికి డెల్టా మొత్తం ఫ్రెంచివాళ్ల ఆదాయం కిందికి వచ్చినట్టే. 1756లో ఐరోపాలో సప్తవర్ష సంగ్రామం మొదలైంది. 1758లో ఫ్రెంచి సేనాధిపతి లాలీ బుస్సీని దక్షిణానికి వెనక్కి పిలిపించుకున్నాడు. ఆ సందులో విజయనగరం ఆనంద గజపతిరాజు ఇంగ్లీషువాళ్లకి కబురుపెడితే, క్లైవ్ బెంగాల్ నుంచి కర్నల్ ఫోర్డ్‌ని పంపాడు. 1758 డిసెంబరులో గొల్లప్రోలు దగ్గర చందుర్తిలో (డెల్టా కాదులెండి, మెట్ట అంచు) ఫ్రెంచి సేనాని కాన్‌ఫ్లాన్స్ ఓడిపోయాడు. 1759 ఏప్రిల్‌లో మచిలీపట్నం కోట పడింది, 1760లో వందవాసి, 1761లో పుదుచ్చేరి.

ఇంత జరిగాక 1763 ఫిబ్రవరి 10న పారిస్‌లో సంధి రాసుకున్నారు. అందులో 11వ అధికరణం తీసి చూడండి. 1749 మొదట్లో ఫ్రెంచివాళ్ల చేతిలో ఏ వర్తక స్థావరాలు ఉన్నాయో అవి తిరిగి వాళ్లకే. ఆ తరవాత కోరమాండల్, ఒరిస్సా తీరాల్లో సంపాదించినవన్నీ వాళ్లు వదులుకోవాలి. యానాంలో ఫ్రెంచి కొట్టు 1720లలో పెట్టింది. మధ్యలో మూసి 1731లో మళ్లీ తెరిచారు. కాబట్టి గీతకి ఇవతల పడింది. సర్కారులు 1753వి, గీతకి అవతల పడ్డాయి. 1749నే ఎందుకు ఎంచారంటే, కర్ణాటక నవాబు గద్దె, నిజాం గద్దె తగాదాల్లో దూరి పుదుచ్చేరి ఫ్రెంచి గవర్నరు డూప్లే రాజ్యాలు సంపాదించడం మొదలైంది ఆ ఏడే. వ్యాపారిగా ఉన్నంతవరకు ఉండు, రాజువవుదామని చూస్తే కుదరదు అని ఆ ఒక్క తేదీతో చెప్పేశారు.

దీనికి వెనక మెట్టు 1748 ఎక్స్-లా-షపెల్ సంధి. 1746లో ఫ్రెంచివాళ్లు పట్టుకున్న మద్రాసును ఆ సంధిలో తిరిగి ఇచ్చేశారు, బదులుగా ఉత్తర అమెరికాలో ఇంగ్లీషువాళ్లు పట్టుకున్న లూయిబర్గ్ కోట తీసుకున్నారు. మద్రాసుకీ కెనడా తీరంలో ఓ కోటకీ మారకం! 18వ శతాబ్దంలో బలాబలాల సమతూకం అంటే ఇదే. అది సమానత్వం అనుకుంటే పప్పులో కాలేసినట్టే. ఒక్కడే మరీ బలవకుండా మిగతావాళ్లు తూకంలో రాళ్లు మార్చుకోవడం. ఆ రాళ్లలో మన ఊళ్లూ ఉండేవి.

ఇక 1814 మే 30 నాటి పారిస్ సంధి. నెపోలియన్ ఓడాడు, ఫ్రెంచి స్థావరాలన్నీ మళ్లీ బ్రిటిష్ చేతిలో ఉన్నాయి. ఈసారి కటాఫ్ 1792 జనవరి 1, అంటే విప్లవ యుద్ధాలు మొదలవక ముందు. 8వ అధికరణం ప్రకారం ఆ తేదీకి ఉన్నవి తిరిగి ఇస్తారు, కానీ మారిషస్, టొబాగో, సెయింట్ లూసియా ఇవ్వరు. మారిషస్ ఎందుకు ఉంచేసుకున్నారో ఆలోచించండి. ఫ్రెంచి యుద్ధనౌకలు హిందూ మహాసముద్రంలో బ్రిటిష్ ఓడల మీద పడింది అక్కడినుంచే. పక్కనే ఉన్న రీయూనియన్‌కి సరైన రేవు లేదు, అది ఇచ్చేశారు. 12వ అధికరణం ఇంకా సూటిగా ఉంటుంది: ఇండియాలో తిరిగి ఇచ్చే స్థావరాల్లో ఫ్రాన్స్ కోటలు కట్టకూడదు, పోలీసు పనికి చాలినంత మందిని మించి సైన్యం పెట్టకూడదు.

కోటా లేదు, సైన్యమూ లేదు. అలాంటి యానాం బ్రిటిష్ వాళ్లకి ముల్లు కాదు. పైగా పారిస్‌లో మళ్లీ గద్దెనెక్కించిన బూర్బన్ రాజు 18వ లూయీని జనం ముందు తలదించుకునేలా చేస్తే ఇంకో విప్లవం వస్తుందని భయం. వియన్నా ఏర్పాటు మర్మం అంతా అక్కడుంది. ఓడినవాడి పళ్లు పీకి, పంక్తిలో మాత్రం విస్తరి వేశారు. 1818లో ఎక్స్-లా-షపెల్ సమావేశంనాటికి ఫ్రాన్స్ పెద్ద రాజ్యాల వరసలో మళ్లీ కూచుంది.

పాలకొల్లు సంగతి పూర్తిగా వేరు. 1795లో ఫ్రెంచి సైన్యం హాలండ్‌ని ఆక్రమించుకుంటే, డచ్చి స్థావరాలు ఫ్రెంచివాళ్ల పాలబడకూడదని బ్రిటిష్ వాళ్లు తామే పట్టుకున్నారు. 1814 ఆగస్టులో డచ్చివాళ్లతో విడిగా ఒడంబడిక చేసుకుని జావాతో సహా చాలావరకు తిరిగి ఇచ్చేశారు. అది దయ కాదండి. ఫ్రాన్స్‌కి ఉత్తరాన అడ్డుగోడగా బలమైన నెదర్లాండ్స్ కావాలి, అందుకే బెల్జియాన్ని కూడా దానికే కలిపారు. ఆ గోడ ఒకపక్క, సింగపూరు తగాదా ఇంకోపక్క. 1819లో ఇంగ్లీషు కంపెనీ అధికారి రాఫెల్స్ సింగపూరులో దిగాడు, డచ్చివాళ్లు మాదన్నారు. మిత్రుడితో రోజూ గొడవ పడలేక 1824 మార్చి 17న లండన్‌లో తెగ్గొట్టుకున్నారు. ఇండియాలో ఉన్న డచ్చి స్థావరాలన్నీ, దాంతోపాటు మలక్కా, బ్రిటన్‌కి. సుమత్రాలో ఉన్న బెంకూలెన్ డచ్చివాళ్లకి. సింగపూరు మీద అభ్యంతరం డచ్చివాళ్లు మానుకోవాలి, సింగపూరు జలసంధికి దక్షిణపు దీవుల్లోకి ఇంగ్లీషువాళ్లు రాకూడదు. పాలకొల్లు, కాకినాడ జగన్నాయకపురం, భీమునిపట్నం ఆ లెక్కలో చేతులు మారాయి. 1825లో అప్పగింత అయిపోయింది.

అంటే శత్రువుతో గతంలో ఓ తేదీకి వెనక్కి వెళ్లారు, మిత్రుడితో సముద్రాన్ని పంచుకున్నారు. మీరడిగిన లెక్క ఇదేనండి.

సిక్కా_రూపాయి:

మాస్టారు గారు చెప్పినదానికి రెండు చేర్పులు, ఒక హెచ్చరిక.

హెచ్చరిక ముందు. "1648తో సార్వభౌమ రాజ్యాలు పుట్టాయి" అని గుడ్డిగా రాయొద్దు. వెస్ట్‌ఫేలియా అని పిలిచే మ్యూన్‌స్టర్, ఓస్నాబ్రూక్ సంధులు జర్మన్ రాజ్యాల మతం గొడవలు, ఆస్తులు, చక్రవర్తి అధికారాల గురించి. ఈనాటి అర్థంలో సార్వభౌమ సూత్రం అంటూ ప్రకటించిన అధికరణం వాటిలో లేదు. పవిత్ర రోమన్ చక్రవర్తిత్వం 1806 దాకా నడిచింది కూడా. ఆ పేరు తరవాతివాళ్లు తగిలించింది. మన తీరానికి నేరుగా సంబంధించింది మాత్రం అదే ఏడు జనవరి 30న స్పెయిన్, డచ్చివాళ్ల మధ్య మ్యూన్‌స్టర్‌లో సంతకమైన వేరే సంధి. స్పెయిన్ డచ్చి రాజ్యాన్ని ఒప్పుకున్నది అందులోనే. తమాషా చూడండి, అప్పటికి నలభై ఏళ్లుగా డచ్చి కంపెనీ కోరమాండల్ తీరంలో వ్యాపారం చేస్తోంది, గోల్కొండతో ఒప్పందాలు రాసుకుంటోంది. 1602 పట్టా ప్రకారం సంధులు చేసుకునే, యుద్ధం చేసే హక్కు ఆ కంపెనీకే ఇచ్చేశారు. గుర్తింపు పూర్తిగా దక్కని రాజ్యం తాలూకు కంపెనీ ఇక్కడ రాజులతో సరిసమానంగా సంతకాలు పెట్టేది. కాబట్టి రాజ్యాలు మాత్రమే పాత్రధారులు అనే బొమ్మ 17వ శతాబ్దానికి అతకదు.

మన సర్కారుల్లో అయితే అది అసలే అతకదు. 1765లో మొగలు చక్రవర్తి షా ఆలం ఫర్మానా ఇచ్చి సర్కారులు కంపెనీకి రాసిచ్చాడు. చాలదని 1766లో నిజాంతో వేరే ఒప్పందం, ఏటా పేష్కషు (కప్పం) కట్టే షరతుతో. ఆ పేష్కషు బాధ్యతని ఒక్క మొత్తంతో తీర్చేసుకున్నది 1823లో. అంటే సుమారు 57 ఏళ్లు చక్రవర్తి పేరు పైన, నిజాం హక్కు దాని కింద, కంపెనీ పాలన ఆ కింద, జమీందారు అట్టడుగున. ఒకే పొలానికి నలుగురు. 1763 సంధిలో 11వ అధికరణమే చివర్లో ఇంకో ముక్క చెబుతుంది: దక్కను సుబేదారుగా సలాబత్ జంగ్‌ని ఇరుపక్షాలూ ఒప్పుకోవాలి అని. అప్పటికే, 1762లో, నిజాం అలీ అన్నగారిని దింపేసి గద్దెనెక్కాడు. పారిస్‌లో గుర్తించిన పాలకుడు ఇక్కడ ఖైదులో ఉన్నాడు. వాళ్లూ వాళ్లూ రాసుకునే కాగితాల్లో మనవాళ్లు సంతకందారులు కారు, షెడ్యూలులో ఆస్తులు. దీన్ని పరీక్షలో ఉదాహరణగా వాడుకోండి, అందరూ రాసే ఆఫ్రికా బెర్లిన్ సమావేశం (1884–85) కన్నా కొత్తగా ఉంటుంది.

చేర్పుల్లో ఒకటి ఉప్పు. 1814 సంధి అయిపోయినా బ్రిటిష్ వాళ్లకి దిగులు తీరలేదు. మద్రాసు ప్రెసిడెన్సీలో 1805 నుంచి ఉప్పు మీద గుత్తాధిపత్యం ఉంది. మధ్యలో ఫ్రెంచి ముక్కలు ఉంటే అక్కడినుంచి ఉప్పు దొంగగా వచ్చేస్తుంది. అందుకని 1815 మార్చి 7న లండన్‌లో ఇంకో ఒడంబడిక చేసుకున్నారు. ఫ్రెంచి స్థావరాల్లో తయారయ్యే ఉప్పు కొనే హక్కు కంపెనీకి, బదులుగా ఫ్రెంచి ప్రభుత్వానికి ఏటా 4 లక్షల సిక్కా రూపాయలు. కోట లేదు, సైన్యం లేదు, ఇక ఉప్పూ లేదు. యానాం మిగలడానికి బ్రిటిష్ వాళ్లు కట్టించుకున్న అసలు ధర ఇది.

రెండోది సార్వభౌమాధికారం అంటే జెండా ఒక్కటే కాదని చూపేది. బాల్యవివాహాలు ఆపే 1929 శారదా చట్టం 1930 ఏప్రిల్ 1 నుంచి బ్రిటిష్ ఇండియాలో అమల్లోకి వచ్చింది. యానాంలో ఆ చట్టం లేదు. చుట్టుపక్కల తాలూకాల వాళ్లు పిల్లల పెళ్లిళ్లకి బళ్లు కట్టుకుని అక్కడికి వెళ్లేవారు. ఆ ఊరికి కల్యాణపురం అనే పేరొచ్చింది అలాగే. చట్టం పరిధి ఎక్కడ ఆగుతుందో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ, ఇంతకన్నా చేదుది, ఎక్కడ దొరుకుతుంది.

కోటిపల్లి_రేవు:

ఆయ్, ఇద్దరికీ నమస్కారాలండి. కటాఫ్ తేదీ అన్న ముక్కతో సగం బరువు దిగిపోయింది. 1954, 1962 గొడవ కూడా విప్పి చెప్తే పుణ్యం కట్టుకున్నవారవుతారు. ఒక పుస్తకంలో "విలీనం 1954" అని, ఇంకో పుస్తకంలో "విలీనం 1962" అని ఉంది. రెండూ ఒప్పేనా?

లాకు_గేటు:

రెండూ ఒప్పే, విలీనం అన్న మాటే తప్పు. వరస ఇదండి.

1954 మే 7న వియత్నాంలో దియెన్ బియెన్ ఫూ దగ్గర ఫ్రెంచి సైన్యం లొంగిపోయింది. జూన్ 13న యానాంలో దడాల రఫేల్ రమణయ్య నాయకత్వంలో విమోచనవాదులు పాలన చేతిలోకి తీసుకున్నారు. జూన్ 18న పారిస్‌లో మెండెస్ ఫ్రాన్స్ ప్రధాని అయ్యాడు. జూలైలో జెనీవాలో ఇండోచైనా ఒప్పందం అయింది. ఇండోచైనానే వదిలేశాక ఇండియాలో నాలుగు ఊళ్లకోసం కొట్లాడటం అర్థం లేని పని. యానాం ఉద్యమం ఊళ్లో పుట్టిందే, కానీ తలుపు అంత తేలిగ్గా తెరుచుకోవడానికి గడియ దియెన్ బియెన్ ఫూ దగ్గర ఊడింది. జవాబులో ఈ రెండూ కలిపి రాయండి.

ఇక్కడో అడ్డు ఉంది. 1946 ఫ్రెంచి రాజ్యాంగం 27వ అధికరణం ప్రకారం అక్కడి జనం సమ్మతి లేకుండా ఏ భూభాగాన్నీ ఇచ్చెయ్యకూడదు. బెంగాల్‌లోని ఫ్రెంచి ఊరు చందర్‌నగర్‌లో 1949లో జనమంతా ఓటేశారు. మిగతా నాలుగు చోట్లకీ (పుదుచ్చేరి, కారైకాల్, మాహే, యానాం) కలిపి 1954 అక్టోబరు 18న కీళూరులో ప్రజాప్రతినిధులు 178 మంది కూడి ఓటు వేశారు. 170 మంది భారత్ వైపు, 8 మంది వద్దని. నవంబరు 1న పాలన చేతులు మారింది. ఇది డీ ఫ్యాక్టో బదిలీ. పొలం మన స్వాధీనంలోకి వచ్చింది, రిజిస్ట్రేషన్ కాలేదు.

1956 మే 28న అప్పగింత సంధి మీద సంతకాలయ్యాయి. దానికి ఫ్రెంచి పార్లమెంటు ఆమోదం కావాలి. అప్పటికే 1954 నవంబరు 1న (మనకి యానాం వచ్చిన రోజే) అల్జీరియాలో తిరుగుబాటు మొదలైంది. అల్జీరియాని ఫ్రాన్స్ వలసగా కాదు, తన దేశంలో భాగంగా లెక్కవేసేది. భూభాగం అప్పగించే సంధిని సభలో పెడితే, రేపు అల్జీరియా మాటేమిటని నిలదీస్తారు. ఆ కాగితం అలాగే పడి ఉంది. 1962 మార్చిలో అల్జీరియా యుద్ధం ఆపే ఎవియాన్ ఒప్పందం, జూలైలో అల్జీరియా స్వాతంత్ర్యం. వెంటనే యానాం కాగితం కదిలింది, ఆగస్టు 16న ఆమోద పత్రాలు మార్చుకున్నారు. అది డీ జ్యూరె బదిలీ, అంటే రిజిస్ట్రేషన్ కూడా అయినట్టు. అక్కడినుంచి ఆరు నెలల లోపు ఫ్రెంచి పౌరసత్వం కోరుకునేవాళ్లు రాతపూర్వకంగా తెలపాలి.

ఇంకో షరతు చాలామంది చూడరు. సంధి 2వ అధికరణం ప్రకారం ఈ స్థావరాలకి 1954 నవంబరు 1కి ముందున్న ప్రత్యేక పాలనా ప్రతిపత్తి కొనసాగాలి, మార్చాలంటే జనాభిప్రాయం తెలుసుకోవాలి. చందర్‌నగర్ పశ్చిమ బెంగాల్‌లో కలిసిపోయింది. యానాం ఆంధ్రలో కలవకుండా 800 కిలోమీటర్ల దూరంలోని పుదుచ్చేరి కింద ఉండటానికి వేరు ఇక్కడుంది.

పోలికకి గోవా పక్కన పెట్టుకోండి. పోర్చుగల్ మాట్లాడటానికే ఒప్పుకోలేదు. దాద్రా, నగర్ హవేలీ మీద అంతర్జాతీయ న్యాయస్థానానికి వెళ్లింది. 1960 ఏప్రిల్ 12 తీర్పులో, ఆ లోపలి ముక్కలకి వెళ్లడానికి మామూలు జనం, సివిల్ అధికారులు, సరుకుల వరకు పోర్చుగల్‌కి దారిహక్కు ఉండేదని, సాయుధ బలగాలకి మాత్రం లేదని, ఇండియా తన బాధ్యత మీరలేదని తేల్చారు. మన సరిహద్దు గట్టు తగాదాల్లో మనిషికి దారి వేరు, ట్రాక్టరుకి దారి వేరు అంటారే, అదే లెక్క. 1961 డిసెంబరులో సైన్యం గోవాలోకి వెళ్లాక భద్రతామండలిలో వెనక్కి తగ్గమనే తీర్మానానికి 7 ఓట్లు పడ్డాయి, వ్యతిరేకంగా 4. అప్పట్లో మండలి సభ్యులు 11 మంది, 7 చాలు. అయినా ఆ నాలుగింటిలో సోవియట్ ఓటు ఒకటి, కాబట్టి తీర్మానం పడిపోయింది. వీటో గురించి రాసేటప్పుడు మెజారిటీ వచ్చినా ఆగిపోయింది అన్న ఈ లెక్క ఇవ్వండి.

గట్టుమీద_మాస్టారు:

మూడో ప్రశ్న, నానాజాతి సమితి ఎక్కడ తెగింది. నా నాలుగు ప్రశ్నల్లో నాలుగోది పట్టుకోండి: మాట తప్పితే ఎవరి దగ్గరికి పోవాలి.

సమితి నిబంధనల ప్రకారం ముఖ్య నిర్ణయాలకి అందరి సమ్మతీ కావాలి (5వ అధికరణం). ఆంక్షలు 16వ అధికరణంలో ఉన్నాయి, కానీ అమలు చేసేది ఎవరికి వాళ్లు. సొంత బలం లేదు. దాన్ని ప్రతిపాదించిన అమెరికాయే, సెనేట్ ఒప్పుకోక, చేరలేదు. కాలవకి లాకులు కట్టి, వాటిని తీసి మూసే లస్కర్లని వెయ్యనట్టు. ఇండియా మాత్రం, స్వరాజ్యం లేకుండానే, వర్సాయ్ మీద సంతకం చేసిన దేశంగా తొలి సభ్యదేశాల్లో ఒకటి అయింది. సంతకం చేసింది మాంటేగు, బికనీర్ మహారాజు. ఆ వింత ఒకటి గుర్తుంచుకోండి.

తెగిన చోటు మంచూరియా. 1931 సెప్టెంబరులో జపాన్ సైన్యం ఆక్రమణ మొదలుపెట్టింది. విచారణకి సమితి వేసిన లిట్టన్ కమిషన్ నివేదిక వచ్చేసరికి 1932 అక్టోబరు, ఏడాది గడిచింది. 1933 ఫిబ్రవరి 24న సభ దాన్ని 42–1తో ఆమోదించింది. ఆ ఒక్క ఓటు జపాన్‌ది. జపాన్ ప్రతినిధి లేచి బయటకి నడిచాడు, మార్చిలో సభ్యత్వానికి నీళ్లొదిలింది. ఎవరూ ఒక్క ఓడ కదపలేదు. దాన్ని చూసి 1935లో ఇటలీ అబిసీనియా (ఇథియోపియా) మీద పడింది. ఈసారి ఆంక్షలు పెట్టారు, కానీ పెట్రోలు ఆపలేదు, సూయజ్ కాలవ మూయలేదు. యుద్ధం ఆపగలిగే రెండు తూములూ బార్లా తెరిచి, చిన్న బోదెలు కట్టారు.

ఇది ఎక్కడో జరిగిన సంగతి అనుకుంటారేమో. ఇదే జపాన్ 1937లో చైనా మీదికి, 1941 జూలైలో దక్షిణ ఇండోచైనాలోకి వచ్చింది. అమెరికా చమురు బిగించింది. డిసెంబరులో పెర్ల్ హార్బర్, 1942 మార్చి 8న రంగూన్ పతనం. మన తీరం నుంచి కూలీలుగా, వ్యాపారులుగా వెళ్లినవాళ్లని బర్మాలో కోరంగీలు అనేవాళ్లు. వాళ్లలో చాలామంది కాలినడకన వెనక్కి రావలసిన కాలం అది. ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడ మీద బాంబులు వేశాయి. జెనీవాలో 42–1 నుంచి కాకినాడ రేవు దాకా తొమ్మిదేళ్లు.

1945లో ఈ తప్పు దిద్దే పద్ధతి చూడండి. భద్రతామండలి నిర్ణయం సభ్యదేశాలన్నిటికీ తప్పనిసరి (25వ అధికరణం), బలప్రయోగానికి దారి ఉంది (42వది). కానీ అయిదుగురికి వీటో (27వది). వీటో అన్యాయం అని రాయడం తేలిక. అది పెట్టిన కారణం కూడా రాయాలి. పెద్ద రాజ్యాన్ని ఓటుతో కట్టెయ్యాలని చూస్తే 1933లో జపాన్‌లా లేచి పోతుంది, లేదా యుద్ధం వస్తుంది. వీటో మంటని ఆర్పడానికి కాదు, కరెంటు ఎక్కువైతే ఎగిరిపోయే ఫ్యూజు లాంటిది. 1950లో సోవియట్లు మండలిని బహిష్కరించి కూచున్న సమయంలోనే కొరియా తీర్మానం దాటింది. ఆ తరవాత వాళ్లు కుర్చీ ఖాళీగా వదల్లేదు.

ఆక్వా_లెక్క:

భీమవరం వైపు నుంచి ఇవాళ్టి వ్యవస్థ గురించి నా వంతు. ప్రపంచ వ్యవస్థ అంటే యుద్ధాలు, మండలే కాదు. 1944 బ్రెటన్ వుడ్స్ డబ్బు వ్యవస్థ సమావేశం, అక్కడ 44 దేశాలు, ఔన్సు బంగారం 35 డాలర్లు. 1971 ఆగస్టు 15న నిక్సన్ ఆ ముడి విప్పేశాడు. ఇవి అందరూ రాస్తారు. వర్తకపు రెక్క మాత్రం వదిలేస్తారు. మనకి దగ్గరిది అదే.

అమెరికా 1989 చట్టంలో 609వ సెక్షన్ ఉంది. సముద్ర తాబేళ్లు చావకుండా వలకి టెడ్ అనే పరికరం (వల మధ్యలో కడ్డీల జల్లెడ, తాబేలు జారిపోయే మూత) కట్టని దేశాల రొయ్య కొనకూడదని. 1996 మే నుంచి అన్ని దేశాలకీ వర్తింపజేశారు. ఇండియా, మలేసియా, పాకిస్తాన్, థాయిలాండ్ డబ్ల్యూటీఓకి (ప్రపంచ వాణిజ్య సంస్థ) వెళ్లాయి. 1998 అక్టోబరు 12న అప్పీలు మండలి తీర్పు ఇచ్చింది. దాన్ని సరిగ్గా రాసేవాళ్లు తక్కువ. తాబేలుని కాపాడే చట్టం తప్పనలేదు. గాట్ (దేశాల మధ్య వర్తక సుంకాల ఒప్పందం) 20వ అధికరణం కింద ఆ కారణం చెల్లుతుందనే అంది. అమలు చేసిన తీరులో వివక్ష ఉందంది: కరీబియన్ దేశాలకి మూడేళ్ల గడువు, సాంకేతిక సాయం ఇచ్చి, ఆసియా దేశాలకి నాలుగు నెలలే ఇచ్చారని. గమనించండి, ఆ నిషేధం సముద్రంలో పట్టే రొయ్యకే, చెరువు రొయ్యకి కాదు. మన గోదావరి ముఖద్వారం దగ్గర ఆలివ్ రిడ్లీలు గుడ్లు పెడతాయి, కాబట్టి మరబోటు వాళ్లకి తగిలింది, చెరువు రైతుకి కాదు.

ఇప్పుడు తెగిన చోటు. అప్పీలు మండలిలో ఏడుగురు ఉండాలి, ఒక్కో కేసు ముగ్గురు వింటారు. అమెరికా కొత్త నియామకాలు అడ్డుకుంటూ పోతే 2019 డిసెంబరుకి ఒక్కరు మిగిలారు. అంటే కింది ప్యానెల్‌లో ఓడినవాడు అప్పీలు పడేస్తే చాలు, వినేవాళ్లు లేరు కాబట్టి తీర్పు అక్కడే ఆగిపోతుంది. తాత్కాలిక ఏర్పాటు ఒకటి 2020లో కొన్ని దేశాలు చేసుకున్నాయి, ఇండియా అందులో లేదు. 2025 ఆగస్టు 27న చాలా భారత సరుకుల మీద అమెరికా సుంకం 50 శాతానికి ఎక్కితే ఇక్కడ రొయ్యల కౌంటు ధరలు (కిలోకి ఎన్ని తూగుతాయన్న లెక్కన కట్టే ధరలు) పడ్డాయి. 1998లో అయితే కేసు వేసేవాళ్లం, ఇప్పుడు బేరమాడుకోవాలి. తీర్పు వ్యవస్థ నుంచి బేరం వ్యవస్థకి మారడం అంటే ఇది. అమెరికా బలం తగ్గిందా పెరిగిందా అని వ్యాసాలు రాసేకన్నా, ఆ ఖాళీ కుర్చీలు లెక్కపెట్టి రాస్తే మార్కులు పడతాయి.

కోటిపల్లి_రేవు:

అందరికీ కృతజ్ఞతలండి. ఒక్క చివరి చిక్కు. నోట్సులో "పారిస్ సంధి" అని అయిదారు చోట్ల వచ్చింది. అన్నీ ఒకటేనా?

సిక్కా_రూపాయి:

కావు, పరీక్షలో దెబ్బతినేది అక్కడే. 1763 సప్తవర్ష సంగ్రామానిది, మన 1749 కటాఫ్ ఉన్నది. 1783లో అమెరికా, బ్రిటన్ మధ్య సంధి పారిస్‌లో, అదే రోజు సెప్టెంబరు 3న ఫ్రాన్స్, బ్రిటన్ మధ్యది వర్సాయ్‌లో. యానాం మళ్లీ ఫ్రాన్స్‌కి వచ్చింది ఆ వర్సాయ్ సంధితో. అది 1919 వర్సాయ్ కాదు. 1784లో డచ్చివాళ్లది పారిస్‌లోనే, నాగపట్నం బ్రిటన్‌కి పోయింది. 1814 మే 30ది 1792 కటాఫ్ ఉన్నది. 1815 నవంబరు 20ది వాటర్లూ తరవాత: 70 కోట్ల ఫ్రాంకుల జరిమానా, 1790 సరిహద్దులు, లక్షన్నర మంది పరాయి సైన్యం. 1856ది క్రిమియా యుద్ధానిది, 1898ది స్పెయిన్, అమెరికా మధ్యది. ఎప్పుడు రాసినా పక్కనే ఏడు, ఏ పక్షాల మధ్య అన్నది వెయ్యండి.